సోంగ్ వాళ్ళింటి తలుపు

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం, యానిమేషన్ కథలు ఇష్టపడే పిల్లలూ వాళ్ళ ఇంటి పెద్దలూ కలుసుకున్న చిన్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా దిగనే లేదు, అయినా ఇంతమంది వచ్చారు. ముందు వరసల్లో పిల్లలున్నారు. వెనకాల వాళ్ళను తీసుకొచ్చిన అమ్మానాన్నలు, అవ్వాతాతలు ఉన్నారు. నేను చెప్పబోయే కథ పిల్లలకు నాకంటే బాగా తెలుసు. పెద్దవాళ్ళలో చాలామందికి తెలియకపోవచ్చు. అందుకని మనందరికీ తెలిసిన చోటి నుంచి మొదలుపెడతాను.

మాది చిత్తూరు పక్కన పల్లె. మా వైపు ఎండాకాలం వస్తే భారతం పెడతారు. ధర్మరాజుల గుడి ముందర, పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం. బకాసుర వధ రోజు భీముడు బండి నిండా తిండి పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కిందికి చేరి, పైనుంచి పడే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. ఆఖర్న మట్టి దుర్యోధనుడు నేలంతా పరుచుకుని పడుకుని ఉంటాడు, భీముడొచ్చి తొడ పగలగొడతాడు. మీలో సగం మందికి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

మా నాయన ఆ నాటకాల్లో ఆడేవాడు. అర్జునుడు కాదు, భీముడు కాదు. ఒక రాత్రి విరాటరాజు కొలువులో వాకిలి కాసేవాడు, ఇంకో రాత్రి దూత, ఇంకో రాత్రి ఊరికే దివిటీ పట్టుకుని నిలబడేవాడు. జట్టులో వాటిని చిల్లర వేషాలు అనేవాళ్ళు. తెల్లారి ఇంటికొచ్చేసరికి మొహాన అర్దళం సగం కారిపోయి ఉండేది. మా అవ్వ సంగటి ముద్ద, ఊరిబిండి కంచంలో పెట్టి, ప్రతిసారీ ఒకటే మాట అడిగేది.

"ఈ రేత్రి ఎవుర్రా నువ్వు?"

ఒకరోజు నాయన చెప్పినాడు, "ఏకచక్రపురంలో బాపనాయన్ని మా. రాక్షసుడికి కొడుకును పంపించాల్నా, నేనే పోవాల్నా అని ఏడ్చినా."

"బాగా ఏడ్చినావా?"

"ఏడ్చినా."

"అయితే తిను."

నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. అవ్వ ఎందుకట్లా అడిగిందో చాలా కాలం అర్థం కాలేదు. ఇప్పుడు అవుతోంది. ఆ బాపనాయన పాండవులకు ఇంట్లో చోటిచ్చినవాడు. లక్క ఇల్లు తప్పించుకుని, ఊరూ పేరూ దాచుకుని తిరుగుతున్నవాళ్ళకు నీడ ఇచ్చిన మనిషి. ఆ ఇంట్లో ఏడుపు వినబడబట్టే కుంతి లేచి, మీ కొడుకు వద్దు, నా కొడుకును పంపిస్తాను అంది. నాటకంలో ఆ ఏడుపు సరిగా పండకపోతే మర్నాడు భీముడి బండికి బరువు లేదు. అది ఊరికే తిండి బండి అయిపోతుంది.

ఈ మాట మనసులో పెట్టుకోండి. కథలో గొప్పవాళ్ళకు తిండిపెట్టి చోటిచ్చినవాళ్ళు ఎవరు, తరువాత వాళ్ళేమయ్యారు? నేనివాళ అడగదలచుకున్నది ఇదొక్కటే.

ఇక మన కథ. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్.' 2005 ఫిబ్రవరిలో నికలోడియన్ ఛానల్లో మొదలై 2008 జులైలో ముగిసింది. మూడు భాగాలు, మొత్తం 61 ఎపిసోడ్లు. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్జ్‌కో అనే ఇద్దరు దీన్ని సృష్టించారు. పెద్దవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. ఆ లోకంలో నాలుగు జాతులు. నీటివాళ్ళు, భూమివాళ్ళు, అగ్నివాళ్ళు, గాలివాళ్ళు. ఒక్కో జాతిలో కొందరు తమ భూతాన్ని చేతులతో ఆడించగలరు. నాలుగింటినీ ఆడించగలవాడు ఒక్కడే, వాణ్ణి అవతార్ అంటారు. ఆంగ్ అనే 12 ఏళ్ళ పిల్లవాడు ఆ అవతార్. వాడు 100 ఏళ్ళు మంచుగడ్డలో నిద్రపోయి లేచేసరికి అగ్ని రాజ్యం లోకం మీద పడి యుద్ధం చేస్తూ ఉంటుంది. వాణ్ణి పట్టుకోవడానికి జూకో అనే అగ్ని యువరాజు వెంటపడతాడు. జూకో మొహం మీద ఎడమ కంటి చుట్టూ పెద్ద కాలిన మచ్చ. వెంట పెదతండ్రి ఐరో, టీ అంటే ప్రాణం పెట్టే మనిషి.

ఆంగ్ గురించి, జూకో గురించి, ఐరో గురించి మీరు చాలా విని ఉంటారు. వాళ్ళ బొమ్మలు టీ షర్టుల మీద కూడా ఉన్నాయి, ఇక్కడే నాలుగు కనబడుతున్నాయి నాకు. నేను వాళ్ళ గురించి రాలేదు.

అసలు జూకోకు ఆ మచ్చ ఎట్లా వచ్చింది? పిల్లలూ, చెప్పండి... అవును, వాళ్ళ నాన్నే కాల్చాడు. ఎందుకు? యుద్ధ సభలో ఎదురు మాట్లాడినందుకు. ఏం మాట్లాడాడు? అక్కడ చాలామంది ఆగిపోతారు. ఒక సేనాని అంటాడు, 41వ దళంలో అంతా కొత్త కుర్రాళ్ళు, వాళ్ళను శత్రువు ముందు ఎరగా పెడదాం, ఈలోగా మనం వెనకనుంచి కొడదాం అని. 13 ఏళ్ళ జూకో లేచి, మన దేశాన్ని నమ్మి వచ్చినవాళ్ళను మనమే ఎట్లా చంపుకుంటాం అంటాడు. అంతే. ద్వంద్వయుద్ధం అన్నారు. ఎదుట చూస్తే సొంత తండ్రి. పిల్లవాడు మోకాళ్ళ మీద పడ్డాడు, తండ్రి కాల్చేశాడు, దేశం నుంచి వెళ్ళగొట్టాడు.

అంటే ఈ మొత్తం కథకు మూలం ఆ 41వ దళం. వాళ్ళలో ఒక్కడి మొహం మనకు చూపించరు. ఒక్కడి పేరు చెప్పరు. ఎర అయ్యారా, బతికారా, ఈ 61 ఎపిసోడ్లలో ఎక్కడా లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు జూకో బాధే బాధ అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. రెండోసారి చూస్తున్నప్పుడు మాత్రం ఆ కుర్రాళ్ళ దగ్గరే నిలబడిపోయాను. మన జిల్లాలో పల్లెకొకరిద్దరు మిలిటరీలో ఉంటారు. మా వీధిలోనే ఇద్దరున్నారు. పటం మీద సేనాని వేలు పెట్టి జరిపే గుర్రపుబొమ్మ వాళ్ళే కదా.

ఈ ప్రశ్న నా ఒక్కదానికే రాలేదని తరువాత తెలిసింది. 2024లో నెట్‌ఫ్లిక్స్ ఇదే కథను నటులతో తీసినప్పుడు, జూకో ఓడలో పనిచేసే సిబ్బందే ఆ 41వ దళం అని మార్చారు. ఐరో వాళ్ళకు ఆ సంగతి చెప్తాడు. ఇంతకాలం ఏ కుర్రాణ్ణి చూసి విసుక్కున్నారో, వాడివల్లే తాము బతికున్నామని వాళ్ళకు తెలుస్తుంది. ఆ రూపంలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. ఆ ఒక్క మార్పుకు మాత్రం చేతులెత్తి దండం పెడతాను. ఎవరో ఒకరు కూర్చుని, "మరి ఆ పిల్లలేమయ్యారు?" అని అడిగారన్నమాట.

సరే, అసలు నేను చెప్పాలని వచ్చిన మనిషి దగ్గరికి వస్తాను. ఆమె పేరు సోంగ్.

రెండో భాగంలో రెండో ఎపిసోడ్. జూకో, ఐరో ఇప్పుడు సొంత దేశానికి కూడా నేరస్థులు. అడవిలో తిరుగుతున్నారు. తినడానికి లేదు. ఐరో టీ కాచుకుందామని ఏదో పువ్వు కోసి, అది విషపు మొక్క అయి, ఒళ్ళంతా దద్దుర్లు తెచ్చుకుంటాడు. వైద్యం కోసం భూమి రాజ్యంలో ఒక ఊరికి పోతారు. అక్కడ మందు రాసే అమ్మాయి సోంగ్. పదిహేను పదహారేళ్ళు ఉంటాయేమో. వీళ్ళను చూస్తే కాందిశీకులు అనుకుంటుంది. పేరడిగితే జూకో "లీ" అని అబద్ధం చెప్తాడు. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వీళ్ళు పోతామంటే ఆ అమ్మాయి, అయ్యో, మా అమ్మ ఎప్పుడూ బాతుకూర ఎక్కువే చేస్తుంది, మిగిలిపోతుంది అంటుంది. చూడండి, ఎంత మర్యాద! తిండి లేనివాడిని తిండికి రమ్మని పిలిస్తే వాడి తల వంగుతుంది. ఎక్కువైంది, వచ్చి సాయం చెయ్యండి అంటే వంగదు. మా అవ్వ కూడా ఇట్లాగే పిలిచేది. "సంగటి మిగిలిపోయింది నాయనా, కుక్కకు పెట్టాల్సొస్తాది, నువ్వన్నా రెండు ముద్దలు తినిపో" అని. ఆ రోజు సంగటి మిగిలి ఉండదు. అవ్వ వాటా అది.

ఆ ఇంట్లో కూర్చుని తింటూ ఉంటారు. సోంగ్ చెప్తుంది, నా చిన్నప్పుడు అగ్ని సైన్యం మా ఊరి మీద పడింది, మగవాళ్ళందరినీ పట్టుకుపోయారు, నాన్నను చూడడం అదే ఆఖరు అని. జూకో, నేనూ మా నాన్నను చూసి చాలా ఏళ్ళయింది అంటాడు. ఆయన యుద్ధంలో ఉన్నాడా అని సోంగ్ అడుగుతుంది. అవును అంటాడు జూకో. ఆ ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ యుద్ధం చేయిస్తున్నవాడే వాళ్ళ నాన్న. అది తెలియక ఆ అమ్మాయి ఆ పిల్లవాణ్ణి తనలాంటి బిడ్డే అనుకుంటుంది.

భోజనం అయ్యాక జూకో బయట అరుగు మీద కూర్చుంటాడు. సోంగ్ వచ్చి పక్కన కూర్చుని, ఆ మచ్చ వైపు చెయ్యి చాపుతుంది. జూకో ఆ చెయ్యి పట్టి ఆపేస్తాడు. అప్పుడు ఆ అమ్మాయి, ఫరవాలేదు, వాళ్ళు నన్ను కూడా గాయపరిచారు అంటుంది. కాలి మీద బట్ట కొంచెం పైకి తీసి చూపిస్తుంది. కాలంతా కాలిన మచ్చ. అగ్ని సైన్యం కాల్చినదే. ఆ ఒక్క మాట అని చూపిస్తుంది, అంతే. ఈ కథలో జూకో మచ్చ గురించి ఎంతోమంది ఎన్నో మాట్లాడతారు. తన మచ్చను ఎదురుగా పెట్టి మాట్లాడిన మనిషి ఆ అమ్మాయే.

తరువాత ఏం జరుగుతుందో పిల్లలకు తెలుసు. పోతూ పోతూ జూకో వాళ్ళ కొట్టంలో కట్టేసిన నిప్పుకోడి గుర్రాన్ని విప్పుకుంటాడు. పెద్దవాళ్ళకు చెప్తాను, ఆ లోకంలో జంతువులు రెండేసి కలిసి ఉంటాయి, ఇది సగం నిప్పుకోడి, సగం గుర్రం. ఐరో వద్దంటాడు, మనకు ఇంత మేలు చేసినవాళ్ళు అంటాడు. జూకో వినడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం కదా, వీడు లెక్కపెట్టి ఊరుకోలేదు, ఊడబెరికి తీసుకుపోయాడు. ఇద్దరూ ఎక్కి చీకట్లో వెళ్ళిపోతారు.

సోంగ్ చూస్తూ ఉంటుంది. తలుపు సందులోంచి అంతా చూస్తూనే ఉంటుంది. కేకలు పెట్టదు. అమ్మను లేపదు. వాళ్ళు కనుమరుగయ్యాక మెల్లగా తలుపు మూసుకుంటుంది.

ఆ తలుపు మూసుకోవడం కొన్ని క్షణాలే. నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. ఆ మొహంలో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. నాన్నను తీసుకుపోయారు, కాలు కాల్చారు, ఇప్పుడు అన్నం తిన్నవాడు గుర్రాన్ని తోలుకుపోయాడు. పోయేది మనదే, ఎప్పుడూ మనదే అన్నట్టుంది. మర్నాడు ఆమె మందులిచ్చే చోటికి నడిచి పోవాలి. అది మనకు చూపించరు. కానీ నేను ఆ నడక గురించే ఆలోచిస్తాను. కాలిన కాలితో.

ఈ కథలో జూకో మారాడంటే ఐరో వల్ల అంటారు. ఐరో ప్రేమ కాదని నేననను. అయితే ఐరో మంచి మాటలు మూడేళ్ళ నుంచి చెప్తూనే ఉన్నాడు, ఓడలోనూ చెప్పాడు. వినలేదు కదా. వాడి లోపల మొదటి ముల్లు గుచ్చినది ఆ తలుపు అని నా నమ్మకం. వెంటనే మారలేదు. ఆ తరువాత కూడా మారువేషం వేసుకుని దారిన పోయేవాళ్ళను దోచాడు, పెదతండ్రికి ఆ తిండి తెచ్చి పెట్టాడు, ఆ గొడవలోనే ఇద్దరూ విడిపోయారు. ఆ ముల్లు మాత్రం లోపలే ఉంది.

ఎట్లా చెప్పగలనంటే, ఐదు ఎపిసోడ్ల తరువాత చూడండి. జూకో ఒక్కడే, సోంగ్ వాళ్ళ ఆ గుర్రం మీదే పోతుంటాడు. ఆకలికి తల తిరుగుతూ ఉంటుంది. దారి పక్కన ఒకతను మంట మీద మాంసం కాలుస్తూ ఉంటాడు. వాసన వస్తుంది. జూకో చెయ్యి కత్తి మీదికి పోతుంది. పిడి పట్టుకుంటాడు. అప్పుడు ఆ మనిషి పక్కన కూర్చున్న భార్య కనబడుతుంది, నిండు గర్భిణి. చెయ్యి వదిలేస్తాడు. గుర్రాన్ని ముందుకు నడిపిస్తాడు.

ఆ గర్భిణికి పేరు లేదు, మాట లేదు. తన దారి పక్కనుంచి ఏం తప్పిపోయిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. రాసినవాళ్ళు ఎంత జాగ్రత్తగా రాశారో చూడండి. దొంగిలించిన గుర్రం మీద కూర్చునే దొంగతనం మానుకున్నాడు. ఆ గుర్రం నడుస్తున్నంత సేపూ సోంగ్ ఆ కథలో ఉన్నట్టే.

ఆ గుర్రమే వాణ్ణి ఇంకో ఇంటికి తీసుకుపోతుంది. ఒక ఎండిపోయిన ఊళ్ళో, ఒక చిన్న పిల్లవాడు అక్కడి సైనికుల మీద గుడ్డు విసురుతాడు. వాళ్ళు సైనికులని పేరే, ఊరిని పీక్కుతినే రౌడీలు. జూకో ఆ పిల్లవాణ్ణి పట్టివ్వడు. అందుకు వాడు, నీ గుర్రానికి మేత పెడతాను రమ్మని ఇంటికి తీసుకుపోతాడు. వాడి పేరేంటి? లీ! సోంగ్ దగ్గర జూకో అబద్ధంగా చెప్పిన పేరు. రాసినవాళ్ళు కావాలని పెట్టారో, అట్లా కుదిరిందో. నాకు మాత్రం అది చూసి ఒళ్ళు జలదరించింది. అబద్ధంగా వాడుకున్న పేరు నిజంగా ఎదురొచ్చి అన్నానికి పిలిచినట్టుంది.

లీ వాళ్ళ నాన్న గాన్సు, అమ్మ సేలా. సేలా గురించి చెప్పాలి. ఊరూ పేరూ చెప్పని మనిషి ఇంటికొస్తే ఆమె ఊరికే కూర్చోబెట్టి పెట్టదు. మా ఆయన కొట్టం పైకప్పు బాగుచేస్తున్నాడు, కాస్త సాయం చెయ్యి, ఈలోగా వంట అయిపోతుంది అంటుంది. ఇది సోంగ్ పిలుపులాంటిదే, ఇంకో దారి. పని చేసి తిన్నాననే ధైర్యం వాడికి ఇచ్చింది. యువరాజు మేకు కొట్టబోయి వేలు కొట్టుకుంటాడు. వీడిది జీవితంలో ఎప్పుడూ సుత్తి పట్టిన చెయ్యి కాదని గాన్సుకు తెలిసిపోయే ఉంటుంది. ఏమీ అడగడు. లీ అడగబోతే, మనిషి గతం మనిషిది, అడగకూడదు అని ఆపుతాడు.

ఆ ఇంటి పెద్దకొడుకు సెన్సు యుద్ధానికి పోయాడు. పట్టుబడ్డాడని కబురు వస్తుంది. తండ్రి కొడుకును వెతుక్కుంటూ బయలుదేరతాడు. తనూ పోతానని బయలుదేరిన జూకోకు సేలా దారిలో తినడానికి మూట కట్టి ఇస్తుంది. పెద్దకొడుకు శత్రువు చేతిలో ఉన్నాడని తెలిసిన రోజు! ఆ చేతులతో పరాయి పిల్లవాడికి మూట కట్టింది. మా వైపు ఆడవాళ్ళు ఇట్లాగే చేస్తారు, చావింట్లో కూడా దూరం నుంచి వచ్చినవాళ్ళు తిన్నారా లేదా అని చూస్తారు.

తరువాత ఆ రౌడీ సైనికులు లీని ఎత్తుకుపోతారు. సేలా పరిగెత్తుకుంటూ వచ్చి జూకో కాళ్ళావేళ్ళా పడుతుంది. వాడు పోయి కొట్లాడతాడు. కత్తులతో గెలవలేక, ఆఖర్న నిప్పు తీస్తాడు. గెలుస్తాడు. నేను అగ్ని యువరాజు జూకోను అని అసలు పేరు చెప్తాడు. ఆ క్షణం నుంచి ఊళ్ళో ఒక్కరూ వాడి వైపు లేరు. లీకి తను ముందే ఇచ్చిన చిన్న కత్తిని తీసి, మోకాలి మీద కూర్చుని మళ్ళీ ఇవ్వబోతాడు. సేలా కొడుక్కు అడ్డం నిలబడుతుంది, ఇంక ఒక్క అడుగు ముందుకు వెయ్యొద్దని. లీ, నువ్వంటే నాకు అసహ్యం అని తిరిగి వెళ్ళిపోతాడు.

చాలామంది ఇక్కడ జూకో మీద జాలిపడతారు, కాపాడినవాణ్ణే వెళ్ళగొట్టారు, ఎంత కృతఘ్నులు అని. నేను ఒప్పుకోను. సేలా తప్పేముంది? ఆమె పెద్దకొడుకును పట్టుకుపోయినది ఆ నిప్పే. ఎదురుగా ఉన్నవాడు ఆ రాజ్యానికి యువరాజు. మనకు వాడి కథంతా చూపించారు కాబట్టి మనకు వాడు మంచివాడు. ఆమెకు ఎవరు చూపించారు? నిన్న మూట కట్టిన చెయ్యే ఇవాళ అడ్డం పెట్టింది. రెండూ ఒకే తల్లి చేతులు. ఆ ఎపిసోడ్ రాసినవాళ్ళు సేలా చేత క్షమించామని చెప్పించలేదు. చెప్పించి ఉంటే నేను ఇవాళ ఆమె గురించి మాట్లాడేదాన్ని కాదు.

కొంచెం మంచినీళ్ళు... సరే.

క్యాబేజీలాయన గురించి చెప్పకపోతే పిల్లలు నన్ను పోనివ్వరు. ఓమాషు నగరం వాకిలి దగ్గర మొదటిసారి కనబడతాడు, బండి నిండా క్యాబేజీలు. కాపలావాళ్ళు ఆ బండిని లోయలోకి తోసేస్తారు. ఇంకో బండి తెచ్చుకుంటే, మన వీరులు జారుబండ ఆట ఆడుతూ వచ్చి దాని మీద పడతారు. తరువాత ఇంకో ఊరు, ఇంకో బండి, మళ్ళీ అంతే. నా క్యాబేజీలు అని అరుస్తాడు, అందరం నవ్వుతాం.

మా అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. పక్కన కూర్చున్న మా మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయన టమోటా పెట్టే రైతు. "యాపారం పోయినోడు గదమ్మా ఆయప్ప" అన్నాడు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన రోజున బాక్సులు దించే కూలికి కూడా డబ్బు రాక, పండంతా రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ బాక్సులతో ఇంటికి వచ్చిన మనిషి ఆయన. లోకం కోసం పెద్ద యుద్ధం జరుగుతూ ఉంటే, రెండు పక్షాలవాళ్ళ కాళ్ళ కిందా పడేది ఆ క్యాబేజీ బండే. అది ఆయన చెప్పాక నాకు కనబడింది.

అయితే ఆయనకు న్యాయం చేసినవాళ్ళు కూడా ఉన్నారు. మూడో భాగంలో మన వీరుల కథను ఎవరో నాటకంగా ఆడతారు, వివరాలు ఎక్కడివని చూస్తే, అందులో క్యాబేజీలు అమ్మే ఒకాయన కూడా చెప్పాడని ఉంటుంది. అన్నీ చూసినవాడు కదా మరి! దీనికి కొనసాగింపుగా తరువాత వచ్చిన కోరా కథలో అయితే క్యాబేజ్ కార్ప్ అని పెద్ద కంపెనీయే ఉంది. ఆయనకు గొంతు ఇచ్చిన నటుడు జేమ్స్ సీ. 2024లో నటులతో తీసినప్పుడు ఆ వేషం వెయ్యడానికి మళ్ళీ ఆయన్నే పిలిచారు. ఆ పిలుపు తలుచుకుంటే నాకు మా నాయన గుర్తొస్తాడు. చిల్లర వేషం వేసినవాణ్ణి ఇరవై ఏళ్ళ తరువాత వెతికి పిలవడం ఎంత మర్యాద!

వేషాలే కాదు, బొమ్మలు గీసినవాళ్ళ సంగతి కూడా. కథ అమెరికాలో రాశారు, నిజమే. కదిలే బొమ్మలు మాత్రం ఎక్కువగా కొరియాలో గీశారు. జేఎం యానిమేషన్, డీఆర్ మూవీ, ఎంఓఐ, ఇవీ ఆ స్టూడియోల పేర్లు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు టీవీ ఆపేయకుండా ఒక్కసారి చూడండి. సోంగ్ ఆ తలుపు మూసే తీరును అక్కడెవరో చేత్తో గీసి ఉంటారు. ఎంత మెల్లగా మూయాలో వాళ్ళకు తెలిసింది.

ఇంకొక్కడున్నాడు. లాంగ్‌షాట్. జెట్ అనే కుర్రాడి జట్టులో విల్లు పట్టుకుని ఉంటాడు. మాట్లాడడు. ఏదైనా చూపుతోనే. జెట్ చావుబతుకుల్లో పడి ఉన్నప్పుడు, మిగతావాళ్ళు వదిలి వెళ్ళలేక నిలబడితే, మేం చూసుకుంటాం, మీరు వెళ్ళండి, వాడు మా నాయకుడు అంటాడు. మొత్తం కథలో వాడు నోరు తెరిచింది ఆ ఒక్కసారే. అన్ని ఎపిసోడ్లలో మాట దాచుకుని, వెనక ఉండిపోవడానికి దాన్ని ఖర్చుపెట్టాడు. ఆ తరువాత వాడి దగ్గరికి కెమెరా మళ్ళీ పోదు.

మీకు ఇదంతా చెప్తుంటే మన ఊరే గుర్తొస్తోంది నాకు. తిరుపతిలో గంగజాతర చూడనివాళ్ళు ఇక్కడెవరూ ఉండరు. పాళెగాడు ఆడపిల్లల్ని చెరుస్తుంటే గంగమ్మ వాణ్ణి వెతుక్కుంటూ రోజుకొక వేషం వేస్తుంది. బైరాగి, బండ, తోటి. దొర వేషం రోజు వాడు దొరుకుతాడు, తల తీసేస్తుంది. కథ అక్కడితో అయిపోవాలి కదా? దుర్మార్గుడు చచ్చాడు. అయిపోదు. మర్నాడు మాతంగి వేషం. ఎందుకో మన పెద్దవాళ్ళను అడగండి. చచ్చినవాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి అంటారు.

పాళెగాడి పెళ్ళాం! ఆమె పేరు నాకు తెలియదు. జాతరలో ఆమెకు వేషమూ లేదు. కానీ ఆమె కోసం అమ్మవారు ఇంకొక రోజు ఆగింది, ఇంకొక వేషం కట్టింది. మనవాళ్ళు ఎప్పుడో ఆమె గురించి ఆలోచించారు. వాడు పోతే ఊరికి పండగ, ఆ ఇంట్లో దీపం ఆరిందని. ఈసారి మాతంగి వేషాలు మీ వీధిలోకి వస్తే ఆ వెనకాలే ఆమెను కూడా ఒకసారి తలుచుకోండి.

జూకో లీ ముందు మోకాలి మీద కూర్చున్నది ఆ మాతంగి వేషంలాంటిదే అనుకుంటాను నేను. లీ తీసుకోలేదు, అది వాడి ఇష్టం. మరి సోంగ్ దగ్గరికి ఎవరు పోయారు? యుద్ధం అయిపోతుంది. జూకో రాజవుతాడు. అందరూ ఐరో టీ కొట్లో కూర్చుని నవ్వుకుంటూ ఉంటారు, చాలా బాగుంటుంది ఆ ఆఖరు. ఆ గుర్రం మాత్రం తిరిగి రాదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మేమిద్దరం మొదటినుంచి కలిసి చూశాం. సోంగ్ తలుపు మూయగానే అది రిమోట్ తీసుకుని ఆపేసింది. "అమ్మా, ఆయక్క మళ్ళా వస్తాదా?" అంది. చూద్దాం అన్నాను. ఆ తరువాత ప్రతి ఎపిసోడ్‌లో గుంపు కనబడితే చాలు, అందులో ఆ మొహం కోసం వెతికేది. మార్కెట్ వస్తే ముందుకు జరిగి కూర్చునేది. ఆఖరు ఎపిసోడ్ అయిపోయి పేర్లు పడుతుంటే, "రాలేదు" అని లేచి లోపలికి పోయింది. నేను వెనకాల పోలేదు. కాసేపటికి డ్రాయింగ్ పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టింది.

ఆ బొమ్మ ఇక్కడ తెచ్చాను. అదిగో, తెర మీద పెడుతున్నారు, వెనకున్నవాళ్ళకు కనబడుతోందా? అది సోంగ్ వాళ్ళ ఇల్లు. ఇది కొట్టం. ఆ నిప్పుకోడి గుర్రానికి కాళ్ళు కొంచెం పొట్టిగా వచ్చాయి. గుంజకు కట్టేసి ఉంది, ముందర గంపలో మేత ఉంది. తెల్లవారుతూ ఉంది, అందుకే ఆకాశానికి ఆ నారింజ రంగు. తలుపు తెరిచి ఉంది చూడండి. గడప మీద సోంగ్ నిలబడి ఉంది, కాలి మచ్చ కూడా వేసింది.

ఎవరు తెచ్చి కట్టారో మాత్రం వెయ్యలేదు. అడిగాను. "తెచ్చినోళ్ళు అప్పుడే పోయినారు మా. ఇంట్లో బాతుకూర తినేసి పోయినారు" అంది.